రేజ్ లేని కారు

మా బావ కారు బయల్దేరితే ఆ చప్పుడు మాడుగుల దాకా వినపడేది. అక్కడ హల్వా మూకుట్లో గరిటె తిప్పుతున్న మనిషి ఒక్క క్షణం ఆగి, "అనకాపల్లిలో మేస్త్రీ బండి తీసేడు" అనుకుని మళ్ళీ తిప్పేవాడు. ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. కాదనడానికి మాడుగుల వెళ్ళి కనుక్కున్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు కాబట్టి ఇది నిజం కిందే లెక్క.

బావంటే మా అక్క భర్త. పూడిమడక రోడ్డులో రేకుల షెడ్డు కింద కార్లు బాగుచేస్తాడు. బానెట్ ఎత్తకుండా జబ్బు చెబుతాడు. బండి ఇంకా రోడ్డు మీద ఉండగానే, షెడ్డులో కూర్చుని టీ తాగుతూ, "ఎవుడ్రా ఆడు, ప్లగ్గు పోయిన బండేసుకుని ఊరంతా తిరుగుతన్నాడు" అంటాడు. ఈ ఒక్క మాటలో మాత్రం నా చెయ్యేమీ లేదు. మా ఊళ్ళో ఎవరినడిగినా ఇదే చెబుతారు.

వయసులో ఉండగా ఆయన ఎక్కడెక్కడి పాత కార్ల ముక్కలో తెచ్చి అతికి ఒక ఎర్ర కారు తయారుచేశాడు. రెండే సీట్లు, నేలకి జానెడెత్తు, పైకప్పు లేదు. వానొస్తే ఎలాగని అడిగేవాళ్ళకి, వేగం పెంచితే చినుకుల మధ్య సందుల్లోంచి పోవచ్చని నేను చెప్పేవాణ్ణి. ఆ కారులో పక్క సీటు నాది. మా అక్క ఒక్కసారే ఎక్కింది. దిగాక జడ విప్పుకుని, దువ్వుకుని, "మనుసులెక్కేదేనా ఇది?" అని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు బెల్లం మార్కెట్లో కొట్టుంది. పగలంతా బెల్లం దిమ్మలు చూసి చూసి, కాస్త తీరిక దొరికితే ఫోన్లో స్పోర్ట్స్ కార్లు చూస్తాను. ఆరేడేళ్ళుగా ఆ వీడియోల్లో ఏదో మారిపోతూ వచ్చింది. ముందు గర్జించే కార్లే ఉండేవి. తర్వాత వాటి పక్కన చప్పుడు లేని కార్లు నిలబడటం మొదలుపెట్టాయి. జెండా ఊపగానే గర్జించేది గర్జిస్తూనే ఉండేది, చప్పుడు లేనిది అక్కడ ఉండేది కాదు. ఇదేదో బావుందే అనుకున్నాను. అది మొదలు కరెంటు కార్ల పిచ్చి పట్టుకుంది. దాని గురించి నేను మాట్లాడుతుంటే బేరానికొచ్చిన రైతులు కూడా బెల్లం సంగతి మర్చిపోయి వినేవాళ్ళు, లేదా వింటున్నట్టు నిలబడి మొహమాటానికి తలలూపేవాళ్ళు.

అలాంటి రోజుల్లో బావ కారు ఇంజను చచ్చిపోయింది. బ్లాకు నిలువునా పగిలింది. అలాంటిది ఇప్పుడు ఎవరూ తయారుచెయ్యడం లేదు, పాతది ఎక్కడా దొరకలేదు. బావ దాని మీద టార్పాలిన్ కప్పేశాడు. కొన్నాళ్ళు పోయాక ఒక ఆదివారం మా అక్క ఇంట్లో భోజనాల దగ్గర, చారు పోసుకుంటూ చాలా మామూలుగా అన్నాడు:

"ఆ ఎర్రదాన్ని పాత ఇనప సామాన్లోడికి ఇచ్చెత్తన్నాను. పట్టుకుపొమ్మని సెప్పేను."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అదేటి బావా! కోత్తారది. ముక్కలు సేసి కరిగించెత్తారు."

"కరిగించనీ. పీనుగుని ఇంట్లో ఎట్టుకుంటామేటి?"

"పీనుగు కాదు బావా. గుండె ఒక్కటే పోనాది. గుండె మారుద్దాం. కరెంటు మోటారు ఎడదాం."

బావ నవ్వలేదు. మజ్జిగ గ్లాసు ఎత్తి, దించి, అక్క వైపు చూశాడు. "నీ తమ్ముడు నా కారుకి మిక్సీ మోటారు ఎట్టమంటన్నాడు. ఎట్టి, అందులో పచ్చడి రుబ్బుకుందాం."

"రుబ్బండి," అంది అక్క. "మా మిక్సీ ఎలాగూ పాడైపోనాది."

ఆ రోజు అక్కడితో ఆగింది. కానీ నేను ఊరుకునే రకం కాదు. మా ఊళ్ళో బోరు మోటార్లకీ, చెరుకు గానుగల మోటార్లకీ వైండింగ్ చేసే సాయిబు ఒకాయన ఉన్నాడు. అందరూ భాయ్ అనే పిలుస్తారు. కాలిన మోటారు తీసుకెళ్తే మూత విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఏ తప్పు వల్ల కాలిందో చెప్పి, ఆ తప్పు చేసిన రైతుని ముందు తిట్టి తర్వాత టీ ఇప్పిస్తాడు. నేనాయన్ని వెంటబెట్టుకుని బావ షెడ్డుకి వెళ్ళాను. భాయ్ టార్పాలిన్ పైకెత్తి కారు చుట్టూ తిరిగి చూశాడు.

"మేస్త్రీ, ఇంత తేలికైన బండి నాకు ఇస్తే, ఇందులో నేను కరెంటు పోస్తా. గుర్రం కాదు, పిడుగు అవుద్ది."

"పిడుక్కి బ్రేకులుంటాయా భాయ్?" అన్నాడు బావ.

"బ్రేకులు మీ పని. పిడుగు నా పని."

బావ చాలాసేపు కారు మూతి మీద చెయ్యేసి నిలబడ్డాడు. చివరికి ఒక షరతు పెట్టాడు. చేద్దాం. ఉపమాక గుడిలో పూజ చేయిద్దాం. పూజ అయ్యాక ఒక్కసారి తోలతాను. అది బండిలా అనిపిస్తే ఉంచుతాను. లేదంటే మర్నాడే పాత ఇనుము వ్యాపారి వచ్చి పట్టుకుపోతాడు, అప్పుడు నువ్వు నోరెత్తకూడదు. ఆ వ్యాపారికి ఫోన్ చేసి, పూజ మర్నాడు రమ్మని నా ఎదురుగానే చెప్పాడు కూడా.

నేను ఒప్పుకున్నాను. గెలుస్తానన్న నమ్మకం ఉంది మరి.

ఆ నమ్మకం ఎక్కడిదో చెప్పాలి. స్పోర్ట్స్ కారు ప్రాణం చప్పుడులో ఉందని చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోను. మనం తలచుకోగానే అది మన మాట వినడంలో ఉంది. కాలితో నొక్కాక పెట్రోలు వెళ్ళాలి, గాలి కలవాలి, మండాలి, గేరు పట్టాలి. అప్పుడుగానీ చక్రం కదలదు. మోటారుకి ఆ మధ్యవర్తులెవరూ లేరు. ఈ రోజు బ్యాటరీ బరువెక్కువ, నిజమే. ఎర్ర కారులో బరువే పెద్ద భయమని బావ కూడా అన్నాడు, "గేదెని ఒళ్ళో కూకోబెట్టుకుని పరిగెట్టమన్నట్టు ఉంటాది" అని. కానీ సెల్‌ఫోన్ మొదట్లో ఇటుకంత ఉండేది కదా. ఈ బ్యాటరీలు కూడా సన్నబడతాయి. నాలుగు చక్రాలకి నాలుగు చిన్న మోటార్లు వస్తాయి, మలుపులో ఏ చక్రం ఎంత తిరగాలో అవే చూసుకుంటాయి. కొండ ఎక్కేటప్పుడు ఖర్చయిన కరెంటులో కొంత దిగేటప్పుడు వెనక్కి వస్తుంది. పాడేరు ఘాట్ దిగి వచ్చేసరికి మిగిలిపోయిన కరెంటుతో కింద ఊళ్ళో పెళ్ళిపందిరికి సీరియల్ బల్బులు వెలిగించవచ్చని నేను ఒకచోట చెప్పాను. అది కొంచెం ఎక్కువే. కానీ పెళ్ళి చిన్నదైతే సాధ్యమే.

పని మొదలైంది. ఢీకొని పనికిరాకుండా పోయిన ఒక కరెంటు కారు మోటారునీ, బ్యాటరీనీ విశాఖపట్నం నుంచి తెప్పించాం. ఇంజను మార్చడానికి కావలసిన అనుమతుల కోసం నేను తిరిగిన ఆఫీసుల గురించి చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి, నా అలవాటుకి విరుద్ధంగా, చెప్పడం లేదు. బరువు ఒకచోటే పడకుండా బ్యాటరీని రెండు భాగాలు చేసి, ఒకటి ముందు పాత ఇంజను చోట, ఒకటి సీట్ల వెనక పెట్టారు. క్లచ్చి పోయింది. గేరు రాడ్డు పోయింది. ఆ చోట ముందుకీ వెనక్కీ జరిగే చిన్న మీట ఒకటి వచ్చింది. భాయ్ వైర్లన్నీ పట్టుచీర అంచులా ఒకదాని పక్కన ఒకటి పేర్చి కట్టాడు. కసురుకుంటూనే అయినా బావ ప్రతి నట్టూ తన చేత్తోనే బిగించాడు.

చప్పుడు దగ్గరే పేచీ వచ్చింది. భాయ్, "కావాలంటే చిన్న స్పీకరు పెడతా మేస్త్రీ. పాత ఇంజను సౌండు రికార్డు ఉంటే ఇవ్వండి. కాలు నొక్కితే అదే అరుస్తది" అన్నాడు.

బావ స్పానరు కింద పెట్టాడు. "సచ్చిపోనోల్ల గొంతు రికార్డు ఎట్టుకుని కాపరం సెయ్యమంటావేటి భాయ్?"

భాయ్ ఇంకెప్పుడూ స్పీకరు మాటెత్తలేదు. ఆ విషయంలో నేను బావ పక్షమే. రేపటి కారుకి నిన్నటి కారు గొంతు అరువు తేవడం ఎందుకు?

అన్నీ బిగించాక కారుని జాకీల మీదకి ఎత్తి, చక్రాలు గాల్లో ఉండగా బావని కూర్చోబెట్టాం. ఇక్కడ మావాళ్ళ మాట ఒకటి చెప్పాలి. బండి నిలబెట్టి ఇంజనుని కాలితో గర్జింపజెయ్యడాన్ని మేం 'రేజ్ చెయ్యడం' అంటాం. బండి కొన్నా, అమ్మినా, బాగుచేసినా, పెళ్ళికొడుకుని ఎక్కించినా ముందు రేజ్ చేస్తాం. రేజ్ ఎలా ఉంటే బండి అలా ఉన్నట్టు. బావ ముప్ఫయ్యేళ్ళుగా ఆ రేజ్ వినే బతికాడు.

ఆయన మీట ముందుకి జరిపి, కాలు నొక్కాడు. వెనక చక్రాలు గాల్లో జుయ్యిమని తిరిగాయి. తుమ్మెద ఎగిరిపోయినట్టు సన్నటి చప్పుడు, అంతే.

"దీనికి రేజేదిరా?" అన్నాడు బావ.

"అదే రేజనుకో బావా."

ఆ మాట ఎవరన్నారో ఇప్పుడు తవ్వుకోవడం అనవసరం.

పూజ కాని బండి రోడ్డెక్కకూడదని బావ పట్టుదల. అందువల్ల దాన్ని నేల మీద ఒక్క అడుగు కూడా నడపకుండా, వ్యాను మీదకి ఎక్కించి ఉపమాక తీసుకెళ్ళాం. ముందు సీట్లో బావ పట్టుపంచె కట్టుకుని కూర్చున్నాడు. వెనక కారు పక్కన నేనూ, భాయ్. మా అక్క ప్రసాదం సంచితో బస్సులో వచ్చింది. "మీ యవ్వారాలు నాకు తెలవ్వేటి, నేను బస్సులో వత్తాను," అంది.

గుడి ముందు కారు దించి, మెల్లగా తోసి నిలబెట్టాం. అక్క పసుపు రాసి బొట్లు పెట్టింది. పంతులుగారు మంత్రాలు చదివి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టించారు. కారు ముందు చోటంతా ఖాళీ చేయించి, పక్కన నిలబడి హారతిపళ్ళెం పట్టుకుని అన్నారు: "ఇంక స్టార్ట్ చెయ్యండి బాబూ."

బావ తాళం తిప్పి, మీట ముందుకి జరిపి, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చున్నాడు.

పంతులుగారు ఎదురుచూస్తున్నారు. దర్శనానికి వచ్చినవాళ్ళు కొందరు ఆగి చూస్తున్నారు. ఏ చప్పుడూ లేదు.

"అవ్వలేదాండీ?"

"అయింది సామీ."

"అయిందా?" పంతులుగారు కారు వైపు వంగి చెవి పెట్టారు. "ఏం వినపడదే?"

గుంపులోంచి ఒక ముసలమ్మ, "బాటరీ దిగిపోనాదేమో, తొయ్యండర్రా" అంది. ఇద్దరు ముగ్గురు నిజంగానే తొయ్యడానికి ముందుకొచ్చారు. నేను వాళ్ళని ఆపాను. ఇంకెవరో వెనకనుంచి, "మావా, ఓపాలి రేజ్ సెయ్యి, అయిందో నేదో తేలిపోద్ది!" అని అరిచాడు.

బావ మొహం ఎర్రబడింది. ఇన్నేళ్ళు ఎందరి బళ్ళో స్టార్ట్ చేసిన మనిషి, తన బండి స్టార్ట్ అయిందో లేదో పదిమంది ముందు సాక్ష్యం చెప్పుకోవాల్సి వచ్చింది. నేను "వద్దు బావా" అనేలోపే ఆయన కాలు బ్రేకు మీద నుంచి లేచింది. గేరెయ్యని పెట్రోలు బండిని ఎలా రేజ్ చేస్తాడో అలాగే, గట్టిగా, ఒక్క తొక్కు తొక్కాడు.

నిమ్మకాయలు నలగలేదు, పేలాయి. రసం నా కళ్ళజోడు మీద పడింది. తుడుచుకుని చూసేసరికి కారు కారున్న చోట లేదు. పంతులుగారు మాత్రం హారతి ఆరకుండా అక్కడే ఉన్నారు, కారు ఎటు పోయిందా అని చూస్తూ. కారు అవతల కొబ్బరికాయల కొట్టు ముందు, కాయల గుట్టకి మూరెడు దూరంలో ఆగి ఉంది. బ్రేకులు మా బావ పని అని చెప్పాను కదా. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. కొట్టువాడు ఒక కాయ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కారు కదిలినప్పటి గాలికే ఆ కాయకి పీచు ఊడిందని నేను తర్వాత చెప్పినప్పుడు అతను కాదనలేదు.

ముసలమ్మ మాత్రం తాపీగా, "అయినాది, స్టార్టయినాది" అంది.

నేను పరిగెత్తాను. బావ స్టీరింగు రెండు చేతులా పట్టుకుని ఎటో చూస్తున్నాడు. ఆయన చెంప మీద నిమ్మగింజ ఒకటి అతుక్కుని ఉంది. అయిపోయింది, కారు పోయింది, రేపు పొద్దున్నే దాన్ని కొయ్యడానికి గ్యాస్ కట్టరు వస్తుంది అనుకున్నాను. పదిమందిలో ఇంత నగుబాటు చేసిన బండిని ఏ మనిషి ఇంట్లో ఉంచుకుంటాడు?

"బావా, దెబ్బేటైనా తగిలిందా?"

ఆయన నా వైపు తిరగకుండానే, "ఎక్కు" అన్నాడు.

ఎక్కాను. వెనక అక్క, "హారతి తీసుకుని ఎల్లండి! ఓలమ్మో, ఎక్కడికెళ్ళిపోతన్నారీ ఇద్దరూ?" అంటోంది. భాయ్ రెండు చేతులూ పైకెత్తి ఏదో సైగ చేస్తున్నాడు. అది ఆగమనో, ఆశీర్వాదమో నాకు తెలియలేదు.

ఊరు దాటాక రెండు వైపులా చెరుకు. రోడ్డు ఖాళీ. బావ ఈసారి కాలు మెల్లగా, పసిపాప చెయ్యి పట్టుకున్నట్టు నొక్కాడు. కారు అంతే మెల్లగా కదిలింది. ఇంకొంచెం నొక్కాడు, ఇంకొంచెం కదిలింది. వదిలాడు, వెంటనే తగ్గింది. నొక్కాడు, వదిలాడు, నొక్కాడు. తర్వాత ఒక చోట పూర్తిగా నొక్కాడు. నా వీపు సీటులోకి దిగిపోయింది. నోట్లో మాట నోట్లోనే ఉండగా మాట పుట్టిన చోటు దాటిపోయింది. మా నీడ వెనకబడి పోయిందని, నాతవరం రోడ్డు మలుపులో ఆగి దానికోసం చూశామని నేను చెప్పడం మొదలుపెట్టింది ఆ రోజు నుంచే.

అయినా బావ మొహం చిట్లించుకునే ఉన్నాడు. నేను ఆగలేక మొదలుపెట్టాను: "సూసేవా బావా, ఆలీసం నేదు. ఘాట్ ఎక్కినా ఇలాగే లాగుద్ది. ముందు ముందు బాటరీలు..."

"నోర్ముయ్యరా."

మూశాను. నాకు లోపల భయం పట్టుకుంది. ఆయన కారు నెమ్మది చేశాడు. తల ఒక పక్కకి వాల్చాడు. ఆ వాలు నాకు బాగా తెలుసు. షెడ్డులో జబ్బు బండి వచ్చినప్పుడు ఆయన తల సరిగ్గా అలాగే వాలుతుంది. కానీ ఇక్కడ వినడానికి ఏముంది? నాకు చెరుకాకుల మీద గాలి వినపడుతోంది. ఎక్కడో పిట్ట ఒకటి అరిచింది. ఈ కారులో కూర్చుని పిట్ట అరుపు వినడం నాకదే మొదటిసారి.

"ఇనపడతాందా?" అన్నాడు.

"ఏటి బావా, పిట్టా?"

"పిట్టేట్రా! ఎనక, కుడిపక్క. టిక్ మంటన్నాది. గుంటొచ్చినప్పుడే అంటన్నాది."

చెవులు రిక్కించాను. ముందు వినపడలేదు. తర్వాత, ఒక చిన్న గుంటలో పడి లేచినప్పుడు, నిజంగానే ఎవరో గోరుతో డబ్బా మీద కొట్టినట్టు వినపడింది.

"సక్రం కాడ రబ్బరు బుష్ అరిగిపోనాది," అన్నాడు బావ. "ఎన్నేళ్ళ నుంచి అరుగుతన్నాదో ఏటో. ఆ ఇంజను నోరు పెద్దది, దీన్ని ఒక్కనాడు ఇననిచ్చిందా? మరి ఇటు సూడు, ఎడం టైరు కూడా సరిగ్గా పాడతాలేదు. గాలెక్కువైంది. ఎనక స్ప్రింగులు మెత్తగున్నాయి, ఈ బరువుకి చాలవు. స్టీరింగు కాసింత బిగుసుకుంది. ఆ భాయ్ గాడు ముందు బాటరీ రెండంగుళాలు ఎనక్కి జరపొచ్చు కదా, ఏటి తొందర ఆడికి?"

ఆయన తిడుతూనే ఉన్నాడు. నాకు కడుపు నిండిపోతోంది. ఇనుము కింద ఇచ్చేసే కారుకి ఎవడైనా స్ప్రింగులు బాగోలేవని తిడతాడా? అయినా ఆయన నోట వినాలని అడిగాను.

"మరి రేపు ఆ పాత ఇనపోడు వత్తాడు కదా బావా?"

"ఎందుకొత్తాడు? ఫోన్ సేసి ఒద్దని సెప్పు. సెప్పడానికి నీకు నోరు నేదేటి, ఎప్పుడూ ఆడుతూనే ఉంటాది కదా."

ఫోన్ చేశాను. అవతల అతను ఎందుకని అడిగితే, కారు మనసు మార్చుకుందని చెప్పాను. ఈలోగా బావ కారు రోడ్డు పక్కన ఆపి, దిగి, డ్రైవరు సీటు వైపు చెయ్యి చూపించి నన్ను కూర్చోమన్నాడు. అన్నేళ్ళలో ఆ సీటులో నన్ను కూర్చోనివ్వడం అదే మొదలు.

"నడుసుకుంటా వత్తాను, నా పక్కనే పోనీ. నడక కన్నా జోరు పోకు."

నేను కాలివేలు ఆనించినంత మెల్లగా నొక్కాను. కారు కదిలింది. బావ పట్టుపంచె ఒక చేత్తో పైకి ఎత్తిపట్టుకుని, నడుం వంచి, వెనక చక్రం దగ్గర చెవి పెట్టి కారుతోపాటు నడుస్తున్నాడు. ఎదురుగా చెరుకు బండి తోలుకొస్తున్న రైతు ఎద్దుల్ని ఆపి, "ఏటి బాబూ, ఏటైనా పడిపోనాదా?" అని అడిగాడు.

"ష్, మాటాడకు," అన్నాడు బావ. "ఇననీ."

ఆ రైతు బండి దిగి వచ్చి, ఆయన పక్కనే వంగి, తనూ చెవి పెట్టాడు.